నేల టిక్కెట్టు ఎటు పోయింది?

టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొన్నవాడు తన సీటు తానే కట్టుకునేవాడు. ముందువాడి తల అడ్డొస్తే ఇసుక పోగేసి దాని మీద కూర్చునేవాడు. వెనకవాడు అంతకన్నా పెద్ద గుట్ట పోసేవాడు. వాడి వెనకవాడు ఊరుకుంటాడా? ఆట మొదలయ్యేలోపు గుడారంలో సగం తగాదాలు ఈ గుట్టల దగ్గరే.

నేల, బెంచీ, కుర్చీ: మూడు తరగతులు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య అడ్డుగా ఓ తడికో తెరో. చాలా డేరాల్లో ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. అదే అదనుగా మురుకులు, వేరుశెనగకాయలు, గోలీసోడా బుట్టలు తిరిగేవి. మైకులో ఘంటసాల పాడిన ‘నమో వెంకటేశా’ వినపడితే ఇళ్లలో అన్నం ముందున్నవాళ్లు రెండు ముద్దలు మిగిల్చి లేచేవాళ్లు. పాట అయిందంటే ఆట మొదలని లెక్క.

బస్తీల కథ అంతకు ముందే మొదలైంది. మచిలీపట్నం నుంచి వెళ్లిన రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు నడిపాడు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి సినిమా కట్టించాడు. తెలుగు సినిమాకు మాట వచ్చింది 1932లో, ‘భక్త ప్రహ్లాద’తో. 1963లో ‘లవకుశ’ వచ్చేనాటికి పల్లెజనం ఎడ్లబండ్లు కట్టుకుని, అన్నం మూటలు పెట్టుకుని పట్నం హాళ్ల ముందు దిగారు. తెలుగువాడు ఇల్లు కదిలి బయట తినడానికి తీర్థాలూ తిరునాళ్ల తరవాత సినిమాయే పెద్ద సాకు అంటే ఒప్పుకోనివాళ్లు తక్కువే ఉంటారు.

అయితే టిక్కెట్టు ధర ఎన్నడూ హాలు యజమాని ఒక్కడి చేతిలో లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1939లో వచ్చిన వినోదపు పన్ను చట్టమే తరవాత ఆంధ్రప్రదేశ్ చట్టంగా కొనసాగింది. హాలు నడపడానికి లైసెన్సు కావాలి, ధరకు సర్కారు అనుమతి కావాలి. 1980 దశకంలో స్లాబు పద్ధతి వచ్చింది. అమ్మిన టిక్కెట్టుకు ఇంత అని కాకుండా ఊరి స్థాయినీ హాలు కెపాసిటీనీ బట్టి పన్ను ముందే ఖరారు. హాలు నిండినా ఖాళీగా ఉన్నా కట్టాల్సింది కట్టక తప్పేది కాదు. లెక్కలు చూపే బాధ తప్పింది గనుక యజమానులు సంతోషించారు. అసలు ఎన్ని టిక్కెట్లు తెగాయో ఆరా తీసే అవసరం సర్కారుకూ లేకపోయింది. వంద రోజుల పోస్టర్ల నిజమెంతో తేలకుండా పోవడంలో ఈ పద్ధతికీ వాటా ఉంది.

నేల పోయింది కూడా ఆ కాలం నుంచే. టీవీ ఇంటికొచ్చాక జనాన్ని రప్పించడానికి హాళ్లు ముందు వరసల్లోనూ కుర్చీలు వేశాయి, ఏసీ పెట్టాయి, రేటు పెంచాయి. నేలవాడిని ఎవరూ పొమ్మనలేదు. వాడు కూర్చునే చోటే లేకుండా పోయింది. 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ తెరుచుకున్నాక మల్టీప్లెక్సులో సినిమాతో పాటు తిండీ షికారూ ఒకే కప్పు కిందికి చేరాయి.

అందుకే 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవో విచిత్రంగా కనిపిస్తుంది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కనిష్ఠ ధర 5 రూపాయలు! మర్నాడే, సర్కారుకు రాజకీయ ప్రత్యర్థి అయిన పవన్ కల్యాణ్ ‘వకీల్ సాబ్’ విడుదల. జీవో వెనక ఏముందో టీకొట్ల దగ్గర ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. రాజకీయం మాట ఎలా ఉన్నా, ఆ 5 రూపాయలు నేల టిక్కెట్టు ఇంకా ఉందనుకుని వేసిన ధర. ఆ టిక్కెట్టు కొనే మనిషి ఎప్పుడో టీవీకీ, ఆపైన ఫోనుకూ మారిపోయాడు. 2022 మార్చిలో కనిష్ఠం 20, గరిష్ఠం 250 అని సర్కారు సవరించింది.

తెలంగాణలో గాలి ఎదురు వైపు నుంచి వీచింది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్లకు టిక్కెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవచ్చని అనుమతి ఇచ్చారు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. ఆ నెలలోనే ముఖ్యమంత్రి శాసనసభలో, ఇకమీదట ప్రత్యేక షోలకూ ధరల పెంపుకూ అనుమతి ఉండదని ప్రకటించారు.

ఈలోగా హాళ్లకు కొత్త యజమానులొచ్చారు. గచ్చిబౌలిలో మహేశ్‌బాబు భాగస్వామిగా ఏఎంబీ, అమీర్‌పేటలో పాత సత్యం థియేటరు జాగాలో అల్లు అర్జున్ భాగస్వామిగా ఏఏఏ. ఊళ్లలో సింగిల్ స్క్రీన్లు మాత్రం కొన్ని కళ్యాణ మండపాలయ్యాయి, కొన్ని గోదాములయ్యాయి. మిగిలిన హాళ్లవాళ్లు 2025 మేలో నిర్మాతలనూ పంపిణీదారులనూ పట్టుబట్టి అడిగింది ఒకటే: అద్దె వద్దు, మల్టీప్లెక్సులకు ఇచ్చినట్టే వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వండి. జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామన్న మాట కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ సినిమా విడుదల దగ్గర పడుతున్న రోజులవి. మళ్లీ సినిమా రాజకీయమైంది. హాళ్లయితే మూతపడలేదు.

ఎవరి వాటా ఎంతైనా హాలును నిలబెట్టేది క్యాంటీనూ పార్కింగూ అని ఆ వ్యాపారంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. ఒకప్పుడు అది సమోసాల పళ్లెం, సైకిల్ స్టాండు. ఇప్పుడు పాప్‌కార్న్ బకెట్టు. బయటి తిండి ఆపే హక్కు హాళ్లకు ఉందనీ, తాగునీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. జిలేబీ తెచ్చుకున్నవాడు వేళ్లు సీటుకు తుడిస్తే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఆ విచారణలో ధర్మాసనం నుంచే వచ్చింది. టూరింగ్ టాకీసులో ఆ బెడద లేదు. ఆట విడిచాక వేరుశెనగ తొక్కలు ఇసుకలోనే కలిసిపోయేవి. గుట్టలు చదును చేస్తే రెండో ఆటకు నేల సిద్ధం.