నవ్వు ఎవరి మీద? – బ్రిటిష్ టెలివిజన్ హాస్యం

భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమనీ పరస్థమనీ రెండు విధాలుగా విభజించినాడు. తాను నవ్వటం మొదటిది, పరులను నవ్వించటం రెండవది. నవ్వేవారూ నవ్వించేవారూ గాక మూడవ పక్షం ఒకటి ఉన్నది: నవ్వుకు గురి అయ్యేవారు. వారి మాట విచారించటానికి బ్రిటిష్ టెలివిజన్ హాస్యచరిత్ర మంచి నిదర్శనం.

ఆ హాస్యానికి ఆదిలో గల బలం ఆత్మవిమర్శ. గాల్టన్, సింప్సన్ అనే జంట రచయితలు 1962లో 'స్టెప్టో అండ్ సన్' ప్రారంభించినారు. పాత సామాను ఏరుకొని బ్రతికే తండ్రీకొడుకుల కథ అది. పై అంతస్తుకు ఎగబ్రాకాలని కొడుకు ఆరాటం. పోనివ్వక పట్టి ఉంచటం తండ్రి నేర్పు. ఆంగ్లేయులు తమ వర్గభేదాన్ని చూచి తామే నవ్వుకొన్నారు. ఆ నవ్వులో జాలి కూడా కలసి ఉన్నది.

1966లో జానీ స్పైట్ రచించిన 'టిల్ డెత్ అస్ డూ పార్ట్' వరుసగా ప్రసారం కాసాగినది. అందులోని ఆల్ఫ్ గార్నెట్ తూర్పు లండన్ శ్రామికుడు. వలస వచ్చినవారన్నా యూదులన్నా అతనికి ద్వేషం. ఆ పాత్ర ధరించిన వారెన్ మిచెల్ స్వయంగా యూదుడు. ద్వేషాన్ని పరిహసించటమే రచయిత సంకల్పం. కాని ప్రేక్షకులలో పలువురు గార్నెట్‌ను తమ ప్రతినిధిగా స్వీకరించినారు. 1971లో ఇదే అమెరికాలో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ'గా అవతరించినది. దానిపై విడ్మార్, రోకీచ్ అనే పరిశోధకులు 1974లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, జాతివిద్వేషం ఎక్కువగా గలవారు ఆ కథానాయకుని మెచ్చుకొన్నారే గాని అతడు అపహాస్యం పాలైనాడని గ్రహించలేదు. గిరీశాన్ని ప్రేమించే పాఠకుడు మనకు కొత్త కాడు. అయితే గిరీశం మాటలు వల్లించి ఎవరూ పొరుగువాని తలుపు మీద రాళ్లు వేయలేదు. వ్యంగ్యం సహృదయుని అపేక్షిస్తుంది; సహృదయుడు దొరకని చోట అది వాచ్యార్థంగానే చెల్లిపోతుంది.

స్పైటే 1969లో 'కర్రీ అండ్ చిప్స్' వ్రాసినాడు. అహమ్మద్‌నగర్‌లో జన్మించిన స్పైక్ మిలిగన్ ముఖానికి నల్లరంగు పూసుకొని అందులో నటించినాడు. ఆరు భాగాలతో అది ఆగిపోయినది. 1974లో వచ్చిన 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్' రెండవ ప్రపంచయుద్ధకాలపు దేవలాలీ సైనిక శిబిరాన్ని చిత్రించినది. ఝాన్సీలో పుట్టిన మైకేల్ బేట్స్ రంగు పూసుకొని అందులో రంగీరామ్ అనే భృత్యుడైనాడు. ఈ నటులు మన దేశాన్ని ఎరగనివారు కారు. ఎరిగి ఉండటం వేరు, ఎదుటివానికి మాట దక్కనివ్వటం వేరు.

1977 నాటి 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో ఇంగ్లీషు నేర్చుకొనే విదేశీయుల ఉచ్చారణే హాస్యవస్తువు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క మూస. విచిత్రమేమంటే, 1993లో మన దూరదర్శన్ ఇదే మూసతో 'జబాన్ సంభాల్‌కే' ప్రసారం చేసినది. ఈసారి నేర్పేది హిందీ. నవ్వులపాలైనవారిలో మన దేశపు ఇతర భాషలవారూ ఉన్నారు.

దీనికి సమాధానం బ్రిటన్‌లోనే పుట్టినది. 1996లో రేడియోలోనూ 1998లో టెలివిజన్‌లోనూ వచ్చిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ'లో మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్ ప్రభృతులు పాత చూపును తలక్రిందులు చేసినారు. ఆ పేరు కూడా, భారతీయ వైద్యునిగా పీటర్ సెల్లర్స్ గొంతు మార్చి పాడిన 1960 నాటి పాట నుండి లాగుకొన్నదే. ఒక ఘట్టంలో భారతీయ మిత్రబృందం ఇంగ్లీషు భోజనశాలకు పోయి, అన్నిటికన్న చప్పనిది ఏదో తెమ్మంటుంది. లండన్‌లోని భారతీయ భోజనశాలలలో ఆంగ్లేయులు చేసే ఆగడమే అక్కడ అద్దంలో కనిపిస్తుంది. వారు తమ తల్లిదండ్రుల ఆడంబరాన్నీ విడిచిపెట్టలేదు. వ్రాసినవారు భారతసంతతివారు కావటం మాత్రమే ఇందలి గుణం కాదు; నవ్వులపాలైన ప్రతి వ్యక్తికీ తనదైన తర్కం ఉండటం ముఖ్యం.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. తెలంగాణ మాటనూ ఉత్తరాంధ్ర మాటనూ మన చలనచిత్రాలు చాలాకాలం హాస్యగానికో ప్రతినాయకునికో అప్పగించి, నాయకునికి మాత్రం వేరే భాష దాచి ఉంచినవి. యాసను వాడటంలో దోషం లేదు. ఆ యాసలో ఆలోచించే మనిషిని చూపకపోవటమే దోషం. హాస్యరచయిత కలం పట్టే ముందు తన పాత్రను ఒక్క మాట అడగవలె: ఈ నవ్వులో నీకూ పాలు ఉన్నదా?