పసిపాప నిద్ర: మూసిన తలుపు నుంచి జరిగే కుర్చీ దాకా

పసిబిడ్డ రాత్రివేళ ఏడిస్తే వెంటనే ఎత్తుకోవాలా, కొంతసేపు ఆగాలా? ఈ చిన్న ప్రశ్నకు గడచిన నూటముప్పై ఏళ్ళలో వైద్యులు చెప్పిన సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఎత్తుకుంటే బిడ్డ చెడిపోతాడని ఒక తరం హెచ్చరించింది. ఎత్తుకోకపోతే బిడ్డ మనసు గాయపడుతుందని మరొక తరం భయపెట్టింది. రెండు వాదాలూ తగిన ఆధారాలు సమకూరకముందే శాసనాలుగా చలామణి అయ్యాయి. వాటి నడుమ నలిగినవారు తల్లులు. బిడ్డ తనంతట తాను నిద్రలోకి జారుకోవడాన్ని అంచెలంచెలుగా, సౌమ్యంగా అలవాటు చేసే పద్ధతులను నేడు ‘నిద్ర శిక్షణ’ అంటున్నాము. అవి ఎలా రూపుదిద్దుకున్నాయో తెలిస్తే, నేటి తల్లిదండ్రుల మనసులోని అపరాధభావం కొంతైనా తగ్గుతుందన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

మందుతో నిద్రపుచ్చిన కాలం

పంతొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య దేశాల్లో బిడ్డను నిద్రపుచ్చడమంటే చాలా ఇళ్ళలో మత్తుమందు పట్టడమే. ఇంగ్లండులోని మిల్లు పట్టణాల్లో పనికి పోయే తల్లులు నల్లమందు కలిపిన ‘గాడ్‌ఫ్రీస్ కార్డియల్’ను పసివారికి తాగించేవారు. అమెరికాలో 1849 నుంచి అమ్ముడైన ‘మిసెస్ విన్స్‌లోస్ సూథింగ్ సిరప్’లో మార్ఫిన్ ఉండేది. మన దేశమూ ఈ దురలవాటుకు అతీతం కాదు. బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్ళలో ‘బాల గోళీ’ల పేరిట నల్లమందు మాత్రలు వాడేవారు. మత్తులో ఉన్న బిడ్డ పాలు సరిగా తాగక కృశించేది. మోతాదు మించితే ఊపిరే ఆగిపోయేది. అమెరికాలో 1906 నాటి ఆహార, ఔషధ చట్టం ఇటువంటి మందుల్లో మత్తుపదార్థం ఉన్నట్లు సీసామీద ముద్రించాలని నిర్బంధించింది. 1911లో అక్కడి వైద్యసంఘం ఆ సిరప్పును శిశుహంతకుల వరుసలో చేర్చింది.

తరువాత వచ్చిన వైద్యుల కాఠిన్యాన్ని అంచనా వేసేటప్పుడు ఈ నేపథ్యాన్ని మరచిపోరాదు. కలుషితమైన పాలవల్ల, అతిసారంవల్ల పసివారు పెద్దసంఖ్యలో మరణిస్తున్న రోజులవి. శుభ్రత, క్రమశిక్షణ, వేళాపాళా ఉంటే బిడ్డ బతుకుతుందని వారు మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ నమ్మకాన్ని పాలసీసా నుంచి పడకగదికీ విస్తరింపజేశారు.

గడియారం పాలన

న్యూయార్కు శిశువైద్యుడు ఎమ్మెట్ హోల్ట్ 1894లో ప్రశ్నోత్తరాల రూపంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. నర్సుల శిక్షణకు ఉద్దేశించిన ఆ పుస్తకం కొద్దికాలంలోనే ఇంటింటి గ్రంథమైంది. ఊయల ఊపడం అనవసరమైన అలవాటని, ఆకలీ నొప్పీ లేకుండా కేవలం మారాంతో ఏడ్చే బిడ్డను ఏడ్వనివ్వాలని అందులో ఉంది. న్యూజీలండులో ట్రూబీ కింగ్ 1907లో డునెడిన్ నగరంలో నెలకొల్పిన సంస్థ నాలుగు గంటలకొకసారి పాలు, రాత్రిళ్ళు పాలు లేవు అన్న నియమాన్ని వ్యాప్తిచేసింది. అమెరికా ప్రభుత్వ శిశుసంక్షేమ విభాగం 1914లో వెలువరించిన కరదీపిక కూడా, ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే బిడ్డ ఇంటిల్లిపాదినీ శాసించే నియంతగా తయారవుతుందని తల్లులను హెచ్చరించింది.

ఈ ధోరణికి పరాకాష్ఠ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో రాసిన పుస్తకం. పిల్లలను ముద్దాడవద్దని, ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని, ఉదయాన్నే కరచాలనం చేస్తే చాలునని ఆయన సలహా. ఈ పెద్దలెవరూ రెండు రకాలుగా పెంచిన పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చి చూడలేదు. అయినా వారి మాటకు విజ్ఞానశాస్త్రపు గౌరవం దక్కింది.

తల్లి ఒడికి తిరిగి గౌరవం

1946లో డాక్టర్ బెంజమిన్ స్పాక్ తన సుప్రసిద్ధ గ్రంథంలో తల్లి సహజజ్ఞానాన్ని నమ్మమని చెప్పడం పెద్ద మలుపు. కాని నిద్ర విషయంలో ఆయన కూడా పాతదారిని పూర్తిగా విడువలేదు. పడుకోనని మొండికేసే బిడ్డను పడుకోబెట్టి, శుభరాత్రి చెప్పి, గది వదిలి వచ్చి తిరిగి వెళ్ళవద్దన్నారు. మొదటి రాత్రి ఇరవై ముప్పై నిమిషాలు, రెండో రాత్రి పది నిమిషాలు ఏడ్చి, మూడో రాత్రికి మానుకుంటుందని భరోసా ఇచ్చారు.

మరోవైపు తల్లికి దూరమైన పిల్లల మానసికస్థితిపై జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదిక వైద్యలోకాన్ని కదిలించింది. మేరీ ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ బాల్టిమోరులోని 26 మంది తల్లీబిడ్డలను ఇళ్ళలో పరిశీలించి 1972లో ఫలితాలు ప్రకటించారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే స్పందించిన తల్లుల బిడ్డలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చినట్లు వారు గమనించారు. ఎత్తుకుంటే చెడిపోతుందన్న పాత భయానికి ఇది తొలి గట్టి సమాధానం. అయితే చిన్న పరిశీలన కనుక దీనితోనే అంతా తేలిందనుకోవడం సరికాదు.

నిద్రను కొలవడం మొదలైంది

ఈ వాదప్రతివాదాలు సాగుతుండగానే కొందరు బిడ్డ నిద్రను నేరుగా కొలవనారంభించారు. 1953లో షికాగోలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథేనియల్ క్లైట్‌మన్ కనుపాపలు వేగంగా కదిలే నిద్రాదశను వర్ణించారు. నిద్ర ఒకే పొడవాటి మగతకాదని, దశలు దశలుగా తేలుతూ మునుగుతూ సాగుతుందని తేటపడింది. 1970లలో థామస్ ఆండర్స్ రాత్రంతా వీడియో చిత్రీకరించి పసివారిని గమనించారు. హాయిగా నిద్రపోతోందని తల్లిదండ్రులు అనుకున్న బిడ్డ కూడా రాత్రి పలుమార్లు మేల్కొంటున్నది. కొందరు బిడ్డలు కళ్ళు తెరిచి, కాసేపు కదిలి, చప్పుడు చేయకుండా మళ్ళీ నిద్రలోకి జారుకుంటారు. మరికొందరు ఏడ్చి పెద్దలను పిలుస్తారు.

నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలోనూ ఇదే అతి ముఖ్యమైన ఆవిష్కరణ. రాత్రి మెలకువ రోగం కాదు, మొండితనం అంతకన్నా కాదు. అది నిద్రలో సహజమైన భాగం. బిడ్డ నేర్చుకోవలసింది మెలకువ రాకుండా ఉండడాన్ని కాదు, వచ్చిన మెలకువనుంచి తిరిగి నిద్రలోకి వెళ్ళే దారిని. వసారాలో పడుకున్న పెద్దమనిషికి వంటింట్లో మెలకువ వస్తే ఎంత కంగారు కలుగుతుందో, తల్లి భుజంమీద కళ్ళు మూసి ఒంటరిగా పక్కమీద కళ్ళు తెరిచిన బిడ్డకూ అంతే.

తలుపు తెరుచుకున్న వైనం

స్పందించకుండా వదిలేసే పద్ధతిని 1959లో ఒక మనస్తత్వవేత్త శాస్త్రీయంగా నమోదుచేశారు. దీర్ఘకాలం జబ్బుపడి కోలుకున్న 21 నెలల బాలుడు రోజూ పెద్దలు పక్కన లేనిదే పడుకునేవాడు కాదు. తలుపు మూసి వచ్చేస్తే మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. కొద్దిరోజుల్లో ఏడుపు పూర్తిగా ఆగింది. పద్ధతి పనిచేస్తుందని తేలింది. కాని తలుపవతల నిలబడి ఆ ఏడుపు వినగల తల్లులెందరు?

1985లో బోస్టన్ పిల్లల ఆసుపత్రికి చెందిన రిచర్డ్ ఫెర్బర్ ఒక మధ్యేమార్గం చూపారు. బిడ్డను మెలకువగా ఉండగానే పడుకోబెట్టాలి. ఏడిస్తే ఐదు నిమిషాలకు, తరువాత పదికి, ఆపై పదిహేనుకు లోపలికి వెళ్ళి ఒక మాట చెప్పి రావాలి. మరుసటి రాత్రుల్లో ఆ వ్యవధిని కొద్దికొద్దిగా పెంచాలి. జనం నోట ఇది ఏడ్వనిచ్చే పద్ధతిగా ముద్రపడింది గాని, నిజానికి మూసిన తలుపును మళ్ళీమళ్ళీ తెరిపించినది ఈ పద్ధతే. 2006 నాటి కూర్పులో ఆయన పిల్లలతో కలిసి పడుకునే కుటుంబాలపట్ల తన వైఖరిని సడలించుకున్నారు కూడా.

దానికన్నా సౌమ్యమైనవి మరికొన్ని వచ్చాయి. వాటిలో ఆస్ట్రేలియాలో బాగా వాడుకలో ఉన్నదాన్ని ‘కుర్చీ పద్ధతి’ అనవచ్చు. మొదట బిడ్డ పక్కనే కూర్చుని, నిద్రపోయేదాకా జోకొడతారు. కొన్ని రాత్రుల తరువాత జోకొట్టడం మాని ఊరికే కూర్చుంటారు. ఆపై కుర్చీని కొంచెం కొంచెం తలుపువైపు జరుపుతారు. ఒకటి నుంచి మూడు వారాల్లో కుర్చీ గది బయటికి చేరుతుంది. మరొక పద్ధతిలో బిడ్డకు సహజంగా నిద్ర ముంచుకొచ్చే వేళ చూసి అప్పుడే పడుకోబెట్టి, ఆ వేళను పదీపదిహేను నిమిషాల చొప్పున ముందుకు తెస్తారు.

పరీక్షకు నిలిచినవి

ఇక అసలైన ప్రశ్న: ఇవి బిడ్డకు హాని చేస్తాయా? దీనికి మంచి సమాధానం మెల్బోర్న్ నుంచి వచ్చింది. ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉన్న 326 మంది పసివారిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టు తల్లిదండ్రులకు నర్సులు క్రమపద్ధతులు నేర్పారు. బిడ్డలకు రెండేళ్ళు వచ్చేసరికి కుంగుబాటు లక్షణాలున్న తల్లులు మామూలు జట్టులో 26.4 శాతం కాగా, నేర్చుకున్న జట్టులో 15.4 శాతమే. ఆరేళ్ళ వయసులో 225 మంది పిల్లలను మళ్ళీ పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ప్రవర్తనలోగాని, నిద్రలోగాని, తల్లిదండ్రులతో అనుబంధంలోగాని రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు. మేలు శాశ్వతం కాకపోవచ్చు, కాని కీడు కూడా లేదు.

అదే ఏడాది 25 మంది పసివారిపై జరిగిన మరొక పరిశీలనలో, ఏడుపు ఆగినా బిడ్డల లాలాజలంలో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ తగ్గలేదని తేలింది. ఇది ఎందరినో కలవరపెట్టింది. అయితే అందులో పోల్చి చూడడానికి రెండో జట్టు లేదు. 2016లో అడిలైడ్‌లో 43 మంది పసివారిని మూడు జట్లుగా చేసి పరీక్షించినప్పుడు, క్రమపద్ధతులు పాటించిన బిడ్డలకు ఒత్తిడి పెరిగినట్లుగాని, ఏడాది తరువాత తల్లితో అనుబంధం సడలినట్లుగాని ఆధారం దొరకలేదు.

మన ఇళ్ళ సంగతి

తెలుగు ఇళ్ళలో ఈ సమస్యకు వేరే పరిష్కారం ఉండేది: మనుషులు. పుట్టింట పురుడు, చీర ఉయ్యాల, జోలపాట, అర్ధరాత్రి బిడ్డను అందుకునే అమ్మమ్మ. ఊపడం చెడు అలవాటన్న హోల్ట్ మాట మన ముంగిలి దాకా రాలేదు. నేడు నగరపు అపార్టుమెంటులోనో, విదేశాల్లోనో బిడ్డతో మిగిలినవారు ఇద్దరే. ఉదయాన్నే ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళాలి. అందుకే ఈ పద్ధతులు మన ఇళ్ళలోనూ అవసరమవుతున్నాయి. 17 దేశాల్లో 29,287 మంది పిల్లలపై 2010లో ప్రచురితమైన అధ్యయనంలో భారతదేశమూ ఉంది. న్యూజీలండులో పిల్లలు సగటున రాత్రి 7.28కి పడుకుంటే హాంకాంగులో 10.17కి పడుకుంటున్నారు. ఆసియా పిల్లలు ఎక్కువగా పెద్దల గదిలోనే ఉంటారు. కనుక ఒక దేశపు వేళలను మరొక దేశానికి యథాతథంగా అతికించడం అనవసరం. వేరే గది లేనంతమాత్రాన క్రమపద్ధతి సాధ్యం కాదనుకోనక్కరలేదు. కుర్చీని అదే గదిలో దూరం జరపవచ్చు.

పాటించదలచినవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. ఆరు నెలలలోపు బిడ్డకు శిక్షణ తలపెట్టవద్దు. ఆ వయసులో రాత్రి పాలు ఆహారం, అలవాటు కాదు. నాలుగు నుంచి పన్నెండు నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. స్నానం, పాలు, దీపం తగ్గించడం, జోల – ఈ వరుస రోజూ ఒకటిగా ఉండాలి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపుమీద, పెద్దల గదిలోనే తన పక్కమీద పడుకోబెట్టాలి. మెత్తటి దిండ్లు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, బరువైన దుప్పట్లు పక్కలో ఉండరాదు. లేచి కూర్చునే ఈడు వచ్చిన బిడ్డను చీర ఉయ్యాలలో ఒంటరిగా వదలడం ప్రమాదం. జ్వరం, పళ్ళు వచ్చే బాధ, ప్రయాణం ఉన్న రోజుల్లో శిక్షణ ఆపి బిడ్డను దగ్గరికి తీసుకోవాలి. నిద్రలో గురక, బరువు పెరగకపోవడం, ఓదార్చినా తగ్గని ఏడుపు కనిపిస్తే శిశువైద్యుడిని సంప్రదించాలి. తల్లి రోజుల తరబడి దిగులుగా ఉంటే, ఆ విషయమూ వైద్యుడికి చెప్పవలసినదే.

ఉయ్యాల ఊపుతూ నిద్రపుచ్చడంలో ఆ ఇంటికి ఇబ్బంది లేకపోతే మార్చవలసిన పనే లేదు. ఇబ్బంది ఉన్న ఇంట క్రమంగా మార్చుకోవడం తప్పూ కాదు. బిడ్డ నిద్రతోపాటు తల్లి నిద్ర కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమని వైద్యం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. ఇంట్లో మిగిలినవారు అంతకాలం తీసుకోనక్కరలేదు. ఈ రాత్రి బిడ్డ లేచినప్పుడు తండ్రి లేవవచ్చు.