ఫొటో వెనుక రాత



దిగపహండిలో గానీ, బరంపురంలో గానీ, ఇటు ఇచ్ఛాపురంలో గానీ, మన తెలుగువారి ఇళ్లలో బీరువా అడుగున ఒక పాత ఆల్బం ఉండడం మామూలే. నల్లటి అట్టలు, ఫొటో నాలుగు మూలలకూ అంటించిన చిన్న చిన్న త్రికోణాలు, పేజీకీ పేజీకీ మధ్య సాలెగూడు అచ్చు వేసిన పల్చటి కాగితం. అందులోంచి ఒక ఫొటో నెమ్మదిగా తీసి వెనక్కి తిప్పి చూడండి. పెన్సిలుతోనో సిరాతోనో రెండు ముక్కలు రాసి ఉంటాయి. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం. ఈనాటి ప్రసంగం ఆ రెండు ముక్కల గురించి. ఫొటో ఎలా పుట్టిందో చాలామంది చెప్పారు. ఫొటోలో ఉన్నవారి పేరు మనం ఎక్కడ రాసుకుంటూ వచ్చామో, ఆ చోటు కాగితం నుంచి కంప్యూటరుకు ఎలా మారిందో అంతగా చెప్పుకోలేదు.

అసలు ఆల్బం అన్న మాటలోనే రాత ఉంది. లాటిన్‌లో ఆ మాటకు తెల్లనిది అని అర్థం. పాత రోములో ప్రకటనలు రాసిపెట్టే తెల్లని పలకను ఆల్బం అనేవారు. సెనేటు సభ్యుల పేర్ల పట్టికకూ అదే పేరు. అంటే ఆల్బం మొదట బొమ్మల పుస్తకం కాదు, పేర్ల పట్టిక. బొమ్మలు తర్వాత వచ్చి చేరాయి. 1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఫొటోగ్రాఫరు విజిటింగ్ కార్డంత ఫొటోలకు పేటెంటు తీసుకున్నాక, వాటిని దూర్చిపెట్టుకునే పుస్తకాలు ఇంటింటి వస్తువయ్యాయి.

1914లో కొడాక్ కంపెనీ ఒక విచిత్రమైన కెమెరా తెచ్చింది. దాని వెనుక చిన్న కిటికీ ఉండేది. ఫొటో తీయగానే ఆ కిటికీ తెరిచి, ఇనుప పుల్లతో తేదీ, పేరు రాస్తే ఆ రాత ఫిల్ము మీదే పడేది. బొమ్మా పేరూ ఒకే చోట. 1930ల ఆరంభానికి ఆ ఫిల్ము ఆగిపోయింది. మంచి ఆలోచన కొన్నిసార్లు ముందుగా వచ్చి, తిరిగి రావడానికి అరవై ఏళ్లు తీసుకుంటుంది.

ఈలోగా మన ప్రాంతంలో ఏం జరిగింది? 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడిన ఒడిశాలో చేరింది. తాతలు ఫొటో వెనుక తెలుగులో రాశారు. మనవలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకున్నారు. ఫొటో చేతిలోనే ఉంది, వెనుక రాత కళ్లముందే ఉంది, కానీ చదివేవారు ఇంట్లో తగ్గిపోయారు. దానికి తోడు తుఫానులు. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటినది ఒకటి, 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్ మరొకటి. తడిసిన ఆల్బంలో ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వెనుక సిరా ముందు కారిపోతుంది, బొమ్మ తర్వాత.

అందుకే డిజిటల్ కెమెరా వచ్చినప్పుడు మన గొడవ తీరిందనుకున్నాం. కొంతవరకు నిజమే. 1995లో జపాను కంపెనీల సంఘం ఎగ్జిఫ్ అనే పద్ధతిని నిర్ణయించింది. దాని ప్రకారం ఫొటో తీసిన తేదీ, సమయం, కెమెరా పేరు ఆ ఫైలులోనే కూర్చుంటాయి. 1914 నాటి ఆ కిటికీ మళ్లీ తెరుచుకున్నట్టే. అయితే కెమెరాకు తేదీ తెలుసు గానీ, ముందు వరసలో నిలబడ్డది మీ పెద్దత్తయ్య అని తెలియదు. పైగా ఫైలుకు అది పెట్టే పేరు నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. అలాంటివి వెయ్యి ఫైళ్లుంటే ఏది పెళ్లి, ఏది దసరా?

ఆ పేర్లు రాయడానికే ఆల్బం సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. 2002లో ఆపిల్ వారి ఐఫోటో, అదే ఏడు లైఫ్‌స్కేప్ అనే చిన్న కంపెనీ పికాసా. 2004లో పికాసాను గూగుల్ కొని అందరికీ ఉచితంగా ఇచ్చింది. కంప్యూటరులో ఉన్న ఫొటోలన్నీ అదే వెతికి, తేదీల వారీగా పేర్చి చూపించేది. తర్వాత ముఖాలు గుర్తుపట్టడం కూడా నేర్చింది.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినండి. సాఫ్ట్‌వేరులో మీరు ఒక ఆల్బం చేశారంటే ఫొటోలు అందులోకి వెళ్లినట్టు కాదు. నేను బడిపంతుల్ని కాబట్టి హాజరుపట్టీతో పోలుస్తాను. పట్టీలో పేర్లుంటాయి, పిల్లలు తరగతిలో ఉంటారు. పట్టీ పోతే పిల్లలకేమీ కాదు, కానీ కొత్తగా వచ్చిన మాస్టారికి ఎవరు ఎవరో తెలియదు. పికాసాలో ఆల్బములు ఆ పట్టీలాంటివే. ఫొటో కింద రాసిన వివరం ఫైలులోకి చేరేది. ఆల్బములు మాత్రం సాఫ్ట్‌వేరు సొంత లెక్కల్లో ఉండేవి. ముఖాలకు పెట్టిన పేర్లు కూడా, ఫైలులో రాయమని ప్రత్యేకంగా చెబితే తప్ప, ఆ లెక్కల్లోనే. 2016 మార్చిలో గూగుల్ పికాసాకు మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కంప్యూటరు మార్చినవారికి ఫొటోలు దక్కాయి, పట్టీ చాలామందికి దక్కలేదు.

వీడియోల సంగతి ఇంకా కష్టం. పెళ్లి క్యాసెట్టు మీద కాగితం చీటీ అంటించేవారు, అది ఊడిపోయేది, టేపుకు బూజు పట్టేది. ఆ టేపు ఆడించే యంత్రాల తయారీని చివరి కంపెనీ ఫునాయి 2016లో మానేసింది. క్యాసెట్టును కంప్యూటరుకెక్కిస్తే ఆ ఫైలుకు ఎక్కించిన రోజు తేదీ పడుతుంది గానీ పెళ్లి తేదీ పడదు. అది మీరు రాయాల్సిందే.

ఇప్పుడు ఫొటోలు ఎక్కువగా ఫోనులో వస్తున్నాయి. మన గంజాం కుర్రాళ్లు ఎంతోమంది సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తున్నారు కదా. అక్కణ్ణుంచి వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లోపలి తేదీ, స్థలం తీసేసి పంపుతుంది. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో మీరు రాసిన వివరాలు కూడా, అన్నీ ఒకేసారి దింపుకున్నప్పుడు, ఫొటో పక్కన వేరే చిన్న ఫైలుగా వస్తాయి. ఆ చిన్న ఫైలును పనికిరానిదనుకుని చెరిపేయకండి.

మరి పేరు ఎక్కడ రాయాలి? పత్రికల వాళ్లు దీనికి దారి ఎప్పుడో వేశారు. 1990ల ఆరంభంలోనే వార్తా ఫొటో ఫైలు లోపల వివరం రాసే ఐ.పి.టి.సి. పద్ధతి వచ్చింది. 2001లో అడోబీ కంపెనీ తెచ్చిన ఎక్స్.ఎం.పి. యూనికోడ్ మీద నడుస్తుంది, కనుక తెలుగూ ఒడియా రెండూ పడతాయి. డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులో ఆల్బం అంటే నిజమైన ఫోల్డరే, సాఫ్ట్‌వేరు తీసేసినా అలాగే ఉంటుంది. వివరాలను ఫైలులోకి రాయమని సెట్టింగులో ఒకసారి చెప్పాలి. ఫోల్డరుకు ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత సందర్భం పెట్టండి. 2013-10 తుఫాను, ఇలా. అంకెలు ముందుంటే వరస దానంతటదే కుదురుతుంది.

ఇక పాత కాగితం ఫొటోలు. స్కాను చేయించేటప్పుడు ముందువైపుతో పాటు వెనుకవైపు కూడా తీయించండి. దుకాణదారు ఎందుకండీ అంటాడు, అయినా తీయించండి. ఆ రాతను చూసి వివరం టైపు చేసేటప్పుడు పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో ఒక వరస, పిల్లలు చదివే ఒడియాలో ఒక వరస రాయండి. రోజుకు పది ఫొటోలు చాలు. పని అయ్యాక ఒక నకలు ఇంట్లో ఉంచి, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి. మళ్లీ అక్టోబరు వస్తుంది.