యూనియన్ బ్యాంక్ ఆఫ్ కలకత్తా పతనం: డైరెక్టర్ల బాధ్యతకు ఒక చరిత్ర పాఠం

కంపెనీ అంటే చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. దానికి సొంత ఆస్తి ఉంటుంది, సొంత అప్పులుంటాయి. అది దావా వేయగలదు, దాని మీద దావా వేయవచ్చు. అయితే ఈ వ్యక్తికి కళ్లూ చేతులూ లేవు. దాని తరఫున చూసేవారు, సంతకం పెట్టేవారు డైరెక్టర్లు. డబ్బు వాటాదారులది, డిపాజిట్‌దారులది. నిర్ణయం మాత్రం డైరెక్టర్లది. పరాయి సొమ్మును ఎవరు, ఏ నియమాలతో నడపాలన్నదే కార్పొరేట్ పాలన అనే విషయానికి మూలం. ఆ నియమాలు ఎందుకు అవసరమయ్యాయో తెలుసుకోవడానికి 19వ శతాబ్దపు కలకత్తాకు, అంటే నేటి కోల్‌కతాకు, వెళ్దాం.

బ్యాంకు పుట్టుక

ఆనాటి కలకత్తా వ్యాపారం ఏజెన్సీ హౌస్‌ల చేతుల్లో ఉండేది. ఇవి యూరోపియన్ భాగస్వాముల సంస్థలు. ఎగుమతులు, ఓడలు, నీలిమందు తోటలకు పెట్టుబడి, ఖాతాదారుల పొదుపు, అన్నీ ఒకే చోట నడిపేవి. 1830 జనవరిలో పామర్ కంపెనీ దివాలా తీసింది. 1834 నాటికి మిగిలిన పెద్ద సంస్థలు కూడా వరుసగా కూలిపోయాయి.

ఇంతలోనే, 1829లో, యూనియన్ బ్యాంక్ ఏర్పడింది. ఏ ఒక్క సంస్థకూ లోబడని ఉమ్మడి బ్యాంకుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. భారతీయులు, యూరోపియన్లు కలిసి వాటాలు కొన్నారు. స్థాపకులలో ప్రముఖుడు ద్వారకానాథ్ టాగూర్, రవీంద్రనాథ్ టాగూర్ తాతగారు. ఆయన 1834లో విలియం కార్‌తో కలిసి కార్, టాగూర్ కంపెనీని స్థాపించారు. ప్రభుత్వ చార్టరు ఉన్న బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌కు అప్పుల విషయంలో గట్టి హద్దులుండేవి. యూనియన్ బ్యాంకుకు చార్టరు లేదు, ఆ హద్దులూ లేవు.

ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకరే

బ్యాంకు డైరెక్టర్లు ఎవరు? కలకత్తాలోని వ్యాపార సంస్థల భాగస్వాములే. బ్యాంకు నుంచి పెద్ద అప్పులు తీసుకున్నవి ఏవి? ఆ సంస్థలే. కార్, టాగూర్ కంపెనీ కూడా వాటిలో ఒకటి. అప్పు అడిగే వ్యక్తి, ఇవ్వాలా వద్దా అని తేల్చే వ్యక్తి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరి అప్పును ప్రశ్నిస్తే రేపు తన అప్పును మరొకరు ప్రశ్నిస్తారు. అందుచేత ఎవరూ ప్రశ్నించలేదు.

ఈ సొమ్ములో చాలా భాగం నీలిమందులోకి పోయింది. నీలిమందు బెంగాల్ పల్లెల్లో పండి, ఫ్యాక్టరీలో తయారై, ఓడలో లండన్ చేరి, అక్కడ అమ్ముడుపోవాలి. అప్పటిదాకా డబ్బు తిరిగి రాదు. డిపాజిట్‌దారుడు మాత్రం తన సొమ్మును ముందే అడగవచ్చు. ధర పడిపోయినప్పుడు పాత అప్పు మునగకుండా కొత్త అప్పు ఇచ్చారు. రాని బాకీలను కూడా లెక్కల్లో ఆస్తిగానే చూపించారు. బయటి వాటాదారుడికి మాత్రం బ్యాంకు నిక్షేపంగా ఉన్నట్టే కనిపించింది.

ద్వారకానాథ్ 1846లో లండన్‌లో మరణించారు. 1847లో లండన్ వాణిజ్య సంక్షోభంలో భారత వ్యాపారం చేసే సంస్థలు మూతపడ్డాయి. వాటితోపాటు కలకత్తా సంస్థలూ పడిపోయాయి. 1848 జనవరిలో యూనియన్ బ్యాంక్ కూలిపోయింది. కార్, టాగూర్ కంపెనీ కూడా మిగలలేదు. ఆ సంస్థ అప్పులు తీర్చే భారం ద్వారకానాథ్ కుమారుడు దేవేంద్రనాథ్ మీద పడింది.

చట్టం నేర్చుకున్నది

ఆనాడు వాటాదారులకు అపరిమిత బాధ్యత ఉండేది. బ్యాంకు బాకీలకు వారి సొంత ఆస్తులు కూడా జవాబు చెప్పాలి. తప్పు బోర్డు గదిలో జరిగితే, శిక్ష ఆ గదిలోకి అడుగుపెట్టని వారికి కూడా పడింది. 1850 చట్టం కంపెనీల రిజిస్ట్రేషన్‌కు దారి తీసింది. 1857 చట్టం పరిమిత బాధ్యతను తెచ్చింది. బ్యాంకులకు అది 1860లో లభించింది. దీనితో వాటాదారుడి నష్టం అతని వాటా వరకే పరిమితమైంది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. వాటాదారుడి బాధ్యత తగ్గితే మిగిలిన నష్టం మాయం కాదు. అది అప్పిచ్చినవారి మీద పడుతుంది. కాబట్టి నిర్ణయం తీసుకునే డైరెక్టర్ల మీద అదుపు పెరగాలి. ఆ అదుపు రావడానికి చాలా కాలం పట్టింది. 1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 20వ సెక్షన్, బ్యాంకు తన డైరెక్టర్లకు, వారికి ఆసక్తి ఉన్న సంస్థలకు అప్పులివ్వడాన్ని నిషేధిస్తుంది. యూనియన్ బ్యాంకును ముంచింది సరిగ్గా అలాంటి అప్పులే.

2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టరు విధులను స్పష్టంగా రాసింది. సద్బుద్ధితో వ్యవహరించాలి. తగిన శ్రద్ధతో, స్వతంత్రంగా ఆలోచించి నిర్ణయించాలి. సొంత ప్రయోజనం కంపెనీ ప్రయోజనానికి అడ్డు రాకూడదు. అనుచిత లాభం పొందితే దానిని కంపెనీకి తిరిగి చెల్లించాలి. 184వ సెక్షన్ ప్రకారం, ఒక ఒప్పందంలో ఆసక్తి ఉన్న డైరెక్టరు ఆ సంగతి బయటపెట్టాలి, ఆ చర్చలో పాల్గొనరాదు.

నియమం ఒక్కటే చాలదు

ఈ కథ కలకత్తాతో ముగియలేదు. 2008 డిసెంబరులో హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ బోర్డు, ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి అంగీకరించింది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు కూడా ఆమోదం తెలిపారు. మదుపరులు ఎదురు తిరగడంతో ఆ ప్రతిపాదన వెంటనే ఆగిపోయింది. 2009 జనవరి 7న, లెక్కలు తప్పులని ఛైర్మనే లేఖ రాసి ఒప్పుకున్నారు.

ఈ రెండు ఘటనల మధ్య 160 ఏళ్లు గడిచాయి. నీలిమందు పోయి సాఫ్ట్‌వేర్ వచ్చింది. అడగవలసిన ప్రశ్న మాత్రం మారలేదు: ఈ ఒప్పందంలో అవతలి పక్షం ఎవరు? ఆ ప్రశ్నను బోర్డులో నోరు తెరిచి అడగడమే డైరెక్టరు మొదటి బాధ్యత. అతను అడగకపోతే, ఆ మౌనానికి మూల్యం చెల్లించేది బోర్డు గదికి బయట ఉన్నవారు.