సంఘ చరిత్రలో కావలి కాచినవారు



మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు నన్ను కోరిరి. దేవాలయముల నిర్మాణమును గూర్చియు, మిషనరీల త్యాగమును గూర్చియు వ్రాయుటకు నాకంటె యోగ్యులు పలువురు కలరు. కావున అంతగా ఎవరును వ్రాయని ఒక విషయమును ఎన్నుకొంటిని. ఆరాధనకు కూడివచ్చిన ప్రజలను, ఆరాధన నిమిత్తము ప్రయాణమైపోవు ప్రజలను అపాయమునుండి కాపాడుకొనుటలో మన పూర్వులు ఏమి చేసిరి, ఎక్కడ తప్పిరి అనునదే ఆ విషయము.

దీనిని ఎన్నుకొనుటకు కారణము నా సొంత తప్పిదమే. వేదాంత కళాశాల విడిచి మొదటి పాస్టరేటుకు వచ్చిన సంవత్సరము, మా గ్రామ సంఘమువారిని రెండు లారీలలో ఎక్కించుకొని మహాసభలకు పోయితిని. తిరిగి వచ్చునప్పుడు అర్ధరాత్రి ఒక టీ దుకాణమువద్ద ఆగితిమి. తెల్లవారి ఊరు చేరిన పిమ్మట ఒక వృద్ధురాలు లేదని తెలిసినది. మొదటి లారీవారు ఆమె రెండవ దానిలో ఉన్నదనుకొనిరి, రెండవ లారీవారు మొదటి దానిలో ఉన్నదనుకొనిరి. నాయొద్ద పేర్ల పట్టీ లేదు. వెనుకకు పరుగెత్తి పోయి చూడగా, ఆమె ఆ దుకాణపు బల్లమీదనే చీర కొంగు కప్పుకొని కూర్చుండియున్నది. నన్ను చూచి కోపపడలేదు. "అయ్యగారూ, నూరు గొర్రెల కాపరికి ఒకటి తప్పిపోయిందని ఎట్లా తెలిసింది? లెక్కపెట్టుకున్నాడు కాబట్టే గదా!" అన్నది. అనేక పర్యాయములు ఆ ఉపమానముమీద ప్రసంగించియుంటిని గాని ఆ మాట నాకు ఎన్నడును తోచలేదు.

బాలుడైన యేసు పండ్రెండేండ్ల ప్రాయమున యెరూషలేములో నిలిచిపోయినప్పుడు మరియ యోసేపులు చేసినదియు ఇదే. గుంపులో ఉన్నాడనుకొని ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి. అనుకొనుట వేరు, చూచుకొనుట వేరు.

ఎజ్రాయు నెహెమ్యాయు

"దేవుడు కాపాడునని నమ్మినవారికి కావలి ఎందుకు? ఇది అవిశ్వాసము కాదా?" అని కొందరు భక్తిపరులు అడుగుచుందురు. ఈ ప్రశ్నకు పరిశుద్ధ గ్రంథములోనే ఇద్దరు సాక్షులున్నారు. ఎజ్రా చెరనుండి ప్రజలను తోడ్కొని వచ్చునప్పుడు, రాజునొద్ద సైనికులను అడుగుటకు సిగ్గుపడి, అహవా నదియొద్ద ఉపవాస ప్రార్థన చేసి బయలుదేరెను. కొన్ని సంవత్సరముల తరువాత అదే రాజ్యమునుండి వచ్చిన నెహెమ్యా రాజు పంపిన సేనాధిపతులతోను, గుఱ్ఱపు రౌతులతోను ప్రయాణము చేసెను. ఇద్దరును ప్రార్థనాపరులే. ఒకరు విశ్వాసి, మరొకరు అవిశ్వాసి అని ఎవరనగలరు?

అంతమాత్రమే కాదు. సైనికులు వలదన్న ఎజ్రా కూడ అజాగ్రత్తగా పోలేదు. దేవాలయపు వెండి బంగారములను తూచి పండ్రెండుగురు యాజకుల చేతికి అప్పగించెను. యెరూషలేము చేరిన నాలుగవ దినమున తిరిగి తూచి, లెక్క సరిపోయినదని వ్రాయించెను. ప్రార్థన చేసినవాడే లెక్కయు చూచుకొనెను.

యాత్రికుల త్రోవ

క్రీస్తు శకము నాలుగవ శతాబ్దపు చివరి భాగమున ఎగేరియా అను భక్తురాలు పరిశుద్ధ స్థలములను దర్శించి, తన యాత్రను గూర్చి తోటి సహోదరీలకు వ్రాసి పంపెను. ఐగుప్తు దేశపు అపాయకరమైన త్రోవలో రోమా సైనికులు ఒక కోటనుండి మరియొక కోటవరకు తమకు తోడుగా వచ్చిరనియు, రాజమార్గము చేరినప్పుడు వారిని పంపివేసితిమనియు ఆమె వ్రాసినది. అవసరమున్నంతవరకు తోడు తీసికొనుట, అవసరము తీరగానే కృతజ్ఞతతో విడిచిపెట్టుట ఎంత వివేకము!

పదునొకండవ శతాబ్దమున మెంథోను వాడగు బెర్నార్డు, ఆల్ప్సు పర్వతములలో సుమారు 8,100 అడుగుల ఎత్తుననున్న కనుమయందు ఒక సత్రమును స్థాపించెను. రోమా నగరమునకు పోవు యాత్రికులు ఆ మంచులో త్రోవ తప్పి మరణించుచుండిరి. అక్కడి సన్యాసులు మంచులో వెదకి, దొరికినవారిని మోసికొని వచ్చి, అగ్నియు ఆహారమును ఇచ్చుచుండిరి. ప్రార్థనా సమయములను విడిచి వారట్లు చేయలేదు. వెదకుటయు వారి ప్రార్థనలో భాగమే.

ఒక దేవాలయము కాలిన రాత్రి

ఇక దేవాలయముల విషయము. దక్షిణ అమెరికాలోని చిలీ దేశ రాజధానియగు సాంటియాగోలో 1863 డిసెంబరు 8వ తేదీ సాయంకాలమున యేసు సభవారి దేవాలయము జనముతో క్రిక్కిరిసియుండెను. మరియమాత నెల పండుగ ముగింపు దినమది. వేలకొలది దీపములు, క్రొవ్వొత్తులు, గుడ్డ తోరణములతో ఆలయమును అలంకరించిరి. బలిపీఠమునొద్ద రేగిన నిప్పు అలంకారములకు అంటుకొని పైకప్పునకు ప్రాకెను. జనమంతయు ఒక్కసారిగా ద్వారములవైపు పరుగెత్తగా, ముందు పడినవారిమీద వెనుకవారు పడి త్రోవ మూసికొనిపోయెను. ఆ కాలపు స్త్రీల వెడల్పైన పావడాలు కూడ వారిని కదలనీయలేదు. రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలే.

ఆ జనులను చంపినది దీపము మాత్రమే కాదు. దీపమునకు ప్రక్కనే గుడ్డ కట్టినవారు, పట్టదగినవారికంటె ఎక్కువమందిని లోనికి రానిచ్చినవారు, బయటికి పోవు త్రోవను గూర్చి తలంచనివారు కూడ ఆ పాపములో భాగస్థులే. అయితే వారెవరును చెడ్డవారు కారు, పండుగ ఘనముగా జరుగవలెనని కోరినవారు! ఇది నన్ను భయపెట్టుచున్నది. మన క్రిస్మసు అలంకారములలో కాగితపు తోరణములు, అతుకులు వేసిన కరెంటు తీగెలు, పిల్లల చేతులలో క్రొవ్వొత్తులు, అదనపు కుర్చీలతో మూసిన ప్రక్క ద్వారము లేవా?

ఆ దుఃఖములోనుండి ఒక మేలు కలిగెను. రెండు వారములు తిరుగకముందే, డిసెంబరు 20న, సాంటియాగో పౌరులు స్వచ్ఛంద అగ్నిమాపక దళమును స్థాపించుకొనిరి. అది నేటికిని సేవ చేయుచున్నది.

మన తీరమున

చిలీ దేశమువరకు పోనక్కరలేదు. ఆ అగ్ని ప్రమాదమునకు ఏడాది తిరుగకముందే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, మన మచిలీపట్నముమీదికి ఉప్పెన వచ్చెను. సముద్రము సాధారణ పోటుకంటె 13 అడుగులు ఎత్తున లేచి, కొన్ని చోట్ల 17 మైళ్లవరకు లోపలికి వచ్చినదనియు, సుమారు 30,000 మంది నశించిరనియు ప్రభుత్వ గ్రంథములలో ఉన్నది. 1841లో ఆ పట్టణమునకు వచ్చి, 1843లో పాఠశాల స్థాపించిన రాబర్టు నోబులు దొరగారు అప్పటికి అక్కడనే సేవ చేయుచుండిరి. మరుసటి సంవత్సరమే ఆయన ప్రభువునందు నిద్రించిరి.

నూటపదమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19న, శనివారమునాడు, అదే కృష్ణా తీరమున దివిసీమ ఉప్పెన వచ్చెను. పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. మరునాడు ఆదివారము. ఎన్ని గ్రామములలో ఆ ఉదయమున గంట కొట్టువాడు గాని, విని వచ్చువారు గాని లేకపోయిరో తలంచుకొనుడి. మన పెద్దలలో ఆ దినములను ఎరిగినవారు ఇంకను ఉన్నారు. పిన్నలు వారియొద్ద కూర్చుండి అడిగి తెలిసికొనవలెను.

కాని ఈ చరిత్ర అక్కడితో ముగియలేదు. ఉప్పెన తరువాత ప్రభుత్వమువారును, స్వచ్ఛంద సంస్థలవారును, వారిలో సంఘముల సహాయ సంస్థయైన కాసా వారును, తీర గ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు కట్టించిరి. 1990 మే 9న, 1977 నాటిదానికి తీసిపోని బలముగల తుపాను అదే తీరమును దాటెను. ఈసారి ముందుగా హెచ్చరికలు వచ్చినవి. లక్షలాది ప్రజలను మెరకకు తరలించిరి. మరణించినవారి సంఖ్య వేయికి లోపుగా ఉండెను. అదియు తక్కువ దుఃఖము కాదు. అయినను పదివేలకును వేయికిని గల భేదమును చూడుడి. గాలి మారలేదు, సముద్రము మారలేదు, మనుష్యుల సిద్ధపాటు మారినది.

యాత్రికుల విషయములోను ఇటువంటి పాఠమే కలదు. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరుసటి దినమైన ఆదివారమున, తమిళనాట వేళాంగణ్ణిలో సునామీ వచ్చినప్పుడు, ఆలయములో ఆరాధనలోనున్నవారు బ్రదికిరి. తీరమునను, దుకాణముల మధ్యను ఉన్న యాత్రికులు వందలాదిగా కొట్టుకొనిపోయిరి. హిందూ మహాసముద్రమున ఆనాడు సునామీ హెచ్చరికలిచ్చు ఏర్పాటు లేదు. 2007లో మన హైదరాబాదులోనే అట్టి కేంద్రము ప్రారంభమయ్యెను. ఇప్పుడు హెచ్చరిక వచ్చును. విని లేచువారు ఉండవలెను.

గుమ్మమునొద్ద నిలిచినవారు

ప్రకృతివలననే కాదు, మనుష్యుల ద్వేషమువలనను అపాయము కలుగును. 2000 జూన్ నెలలో ఒంగోలు, తాడేపల్లిగూడెము దేవాలయములలో బాంబులు ప్రేలినవి. 2019 ఏప్రిల్ 21, ఈస్టరు దినమున, శ్రీలంకలో మూడు దేవాలయములమీద దాడి జరిగెను. వానిలో బట్టికలోవాలోని సీయోను దేవాలయమునకు సంచితో వచ్చిన ఒక మనుష్యుని చూచి, అనుమానపడిన ఒక సంఘసభ్యుడు అతనిని లోనికి రానీయక ఆవరణ విడిచి పొమ్మనెను. ప్రేలుడు వెలుపలనే జరిగెను. ఆ సభ్యుడును, పలువురు పిల్లలును మరణించిరి. కాని లోపల కిక్కిరిసియున్న వందలాదిమంది బ్రదికిరి.

యెరూషలేము ఆలయమునకు 212 మంది ద్వారపాలకులు ఏర్పరచబడిరని దినవృత్తాంతముల గ్రంథములో చదువుచున్నాము. గాయకులకును యాజకులకును తగ్గని సేవ అది. మనమైతే గుమ్మమునొద్ద నిలుచు పనిని, పాటల పుస్తకములు పంచు చిన్న పనిగా ఎంచుచున్నాము. అనుమానముతో అందరిని తరిమివేయుమని నేను చెప్పుటలేదు. క్రొత్తవానిని నవ్వుముఖముతో పలుకరించి, పేరు అడిగి, ప్రక్కన కూర్చుండబెట్టుకొనువాడే మంచి ద్వారపాలకుడు. ఆతిథ్యమును కావలియు ఒక్క మనుష్యునియందే ఉండవచ్చును.

శతవార్షికోత్సవపు కానుక

ఈ ఉత్సవమునకు రంగులు వేయించితిమి, గోపురమునకు దీపములు కట్టించితిమి. వీనితోపాటు ప్రతి సంఘము కొన్ని చిన్న పనులు చేయవలెనని పెద్దలను వేడుకొనుచున్నాను. ఆరాధన జరుగుచుండగా ఏ ద్వారమునకును తాళము ఉండకూడదు. తలుపులు బయటికి తెరచుకొనునట్లు అమర్చవలెను. పండుగకు ముందు కరెంటు తీగెలను తెలిసినవానిచేత చూపించవలెను. తీర గ్రామములలో తుపాను ఆశ్రయ భవనపు తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నదో సంఘమంతటికి తెలియవలెను. వృద్ధులను, నడువలేనివారిని ఎవరు తీసికొనిపోవలెనో గాలి రాకముందే నిర్ణయించవలెను. సభలకు పోవునప్పుడు సరకుల లారీలలో మనుష్యులను ఎక్కించుట మానవలెను. రాత్రియంతయు నడిపిన డ్రైవరును తిరిగి నడుపుమని తొందరపెట్టరాదు. పేర్ల పట్టీ రెండు ప్రతులు వ్రాసి, ఒకటి గురువునొద్ద, ఒకటి ఊరిలో ఉంచవలెను. ఆగిన ప్రతి చోట లెక్కించవలెను. 101, 108, 112 నంబర్లు దేవాలయపు గోడమీద అందరికి కనబడవలెను.

వీనిలో దేనికిని గొప్ప ధనము అక్కరలేదు. ఆ టీ దుకాణపు వృద్ధురాలు ఇప్పుడు ప్రభువునొద్దకు చేరినది. నేను మాత్రము నాటినుండి పేర్ల పట్టీ లేకుండ ఏ ప్రయాణమునకును బయలుదేరలేదు. బండి ఎక్కిన తరువాత పేర్లు చదువుచుండగా, "ఉన్నానండి" అని ఒక్కొక్కరు పలుకుట నాకు ఒక ప్రార్థనవలె వినబడును.

గడచిన నూరేండ్లు మనలను కాచిన దేవుడు రాబోవు నూరేండ్లు మనచేత ఒకరినొకరిని కాయించును గాక. ఆమేన్.