దిబ్బకు దక్కని గౌరవం

‘లింక్స్’ అని తెలుగులో రాస్తే మూడు ఇంగ్లీషు మాటలు ఒకటైపోతాయి. మొదటిది మనకు బాగా తెలిసిన లింకు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు, ఊరికీ ఊరికీ లింకు రోడ్డు, గొలుసులో ఒక్కో కడియం, అన్నీ అదే. రెండోది చలిదేశాల అడవిపిల్లి, చెవుల కొసన నల్లటి కుచ్చులుండే జంతువు. మూడోది మన చెవిన పడేది తక్కువ. కంప్యూటర్‌లో గోల్ఫ్ ఆట తెరిచి, సముద్రం ఒడ్డున ఉన్న మైదానాన్ని ఎంచుకున్నవాడికి మాత్రం తెర మీద ఆ మాటే ఎదురవుతుంది. అక్కడ లింక్స్ అంటే నేల. పిల్లిని ఇంగ్లీషువాళ్లు స్పెల్లింగుతో వేరుచేసుకుంటారు. గొలుసునూ నేలనూ వాళ్లూ ఒకేలా రాస్తారు కాబట్టి ఆ రెండూ ఒకటే మాట అనుకునేవాళ్లు వాళ్లలోనూ చాలామందే. సముద్రాన్నీ సాగునేలనూ కలిపే నేల గనుక లింక్స్ అన్నారని ఒక వివరణ బాగా చలామణీలో ఉంది. వినడానికి అందంగా ఉంటుంది గానీ నిజం కాదు.

గొలుసు లింకు స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. నేల పేరైన లింక్స్‌కు మూలం పాత ఇంగ్లీషులోని ‘హ్లింక్’. దానికి మిట్ట అని, గట్టు అని అర్థం. ఇంగ్లండు దక్షిణాన కొండవాలు పొలాల్లో దున్ని దున్ని ఏర్పడిన మెట్లలాంటి గట్లను ‘లించెట్’ అంటారు, అదీ ఈ ఇంటి మాటే. స్కాట్లాండుకు వచ్చేసరికి ఈ మాట సముద్రపు ఒడ్డున గాలి పోగేసిన ఇసుక మిట్టలకు, వాటి మీద మొలిచిన పొట్టి గడ్డికి పేరుగా నిలిచింది. నాగలికి లొంగని నేల అది. ఇసుక ఎక్కువ, సారం తక్కువ, పైన ఉప్పుగాలి. గొర్రెలు మేసేవి, కుందేళ్లు బొరియలు చేసుకునేవి, ఊరివాళ్లు బట్టలు ఆరేసుకునేవాళ్లు, పిల్లలూ పెద్దలూ ఆడుకునేవాళ్లు.

అలాంటి నేలకు తెలుగులో పేరు లేదా? ఉంది. దిబ్బ.

ఈ మాట కోసం నేను నిఘంటువు తెరవలేదు, మా తాండూరులో ఆ అవసరం లేదు. 1956 దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో కొడంగల్, తాండూరు తాలూకాలు ఇటు తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయింది. సరిహద్దు గీత పడినంత మాత్రాన మాటలు విడిపోవు. ఇక్కడి సంతలో కన్నడమూ తెలుగూ ఉర్దూ ఒకే బేరంలో వినబడతాయి. కన్నడిగుడు ఎత్తైన నేలను ‘దిబ్బ’ అనే అంటాడు, పెంటకుప్పను ‘తిప్పె’ అంటాడు. మన దగ్గర పెంటకుప్ప కూడా దిబ్బే, చిన్న గుట్టా ఇసుకమేటా ‘తిప్ప’. దిబ్బ, తిప్ప, తిప్పె ఒక్క కడుపున పుట్టినవని వింటేనే తెలుస్తుంది. దిన్నె, తిన్నె, మిట్ట, మెరక, గడ్డ వాటి పక్కనే కూచుంటాయి. చదునుగా లేని నేలకు ఇన్ని పేర్లు పెట్టుకున్నారంటే ఆ ఎగుడుదిగుళ్లలో దేనికి దానికి వేరే పని ఉండేదన్నమాట. దిన్నె మీద జొన్న, మెరకన ఇల్లు, తిప్ప మీద పశువులు.

ఇప్పుడు ఆటలోకి వెళ్దాం. కంప్యూటర్ గోల్ఫ్‌కు పేరు తెచ్చిన వరసకు ‘లింక్స్’ అనే పేరు పెట్టారు. యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 1990లో మొదటి లింక్స్ తెచ్చింది, 1992లో లింక్స్ 386 ప్రో. ఆ సంస్థ ఉన్నది అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, సముద్రానికి చాలా లోపల, కొండల మధ్య. తాండూరు కూడా అంతే. ఇక్కడి నుంచి తూర్పున బంగాళాఖాతమైనా పడమట అరేబియా సముద్రమైనా మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. సముద్రం చూడకుండా పెరిగినవాళ్లకు సముద్రపు ఒడ్డు నేల ఎలా ఉంటుందో మొట్టమొదట చూపింది ఇలాంటి ఆటలే. ఆ పాత ఆట ఒక్కో దెబ్బ తర్వాత దృశ్యాన్ని తెర మీద మళ్లీ గీసేది. ఆకాశం, దూరపు నేల, చెట్లు, దగ్గరి గడ్డి ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఆ ఆలస్యం వల్ల నేల పరచుకునే తీరు కంటికి ఆనేది.

లింక్స్ మైదానం కంప్యూటర్‌లో ఎందుకంత కష్టం? స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానాన్నే తీసుకోండి. ఇప్పటి ఆటల్లోనూ అది ఉంది, 2023లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్‌లో ఆడవచ్చు. చూపుకు అక్కడ ఏమీ లేదు. అడ్డంగా అడవి లేదు, పెద్ద చెరువు లేదు, పచ్చటి నేల వెడల్పుగా పరిచి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు ఇది సులువనుకుంటాడు. బంతి కొట్టాక తెలుస్తుంది. కంప్యూటర్ లోపల ఆ నేల ఒక పెద్ద పట్టిక, ఒక్కో బిందువుకు ఒక్కో ఎత్తు రాసి ఉంటుంది. తోటలా పెంచిన మైదానంలో పక్కపక్క బిందువుల ఎత్తులు నెమ్మదిగా మారతాయి. దిబ్బనేలలో నాలుగడుగులకోసారి మారిపోతాయి. కాబట్టి బంతి ఎక్కడ పడిందన్నది సగమే సంగతి. దిబ్బ ఏ వాలున పడిందన్నది మిగతా సగం. దిబ్బకు ఇవతలి వాలున పడితే అక్కడే చస్తుంది, అవతలి వాలున పడితే ముప్పై గజాలు పరుగెడుతుంది. గురి చూసిన చోటు కనబడకుండా మధ్యలో ఒక మిట్ట అడ్డొస్తుంది. పైగా గాలి. తెర మూలన ఒక బాణం గుర్తు, పక్కన ఒక అంకె. తోట మైదానంలో చెట్లు ఆపే గాలిని ఇక్కడ ఆపేది ఏదీ లేదు. ఎత్తుగా లేపిన బంతి గాలి సొమ్ము.

అందుకే లింక్స్ మీద ఆడేవాడు బంతిని నేలబారుగా కొట్టి, గుంతకు చాలా ముందే పడేసి, నేల వాలు మీదుగా దొర్లనిస్తాడు. ఈ దెబ్బను ఆట మనకు నేర్పదు. ఆట చూపే గురిగుర్తు బంతి పడేచోటునే చూపిస్తుంది, ఆగేచోటును కాదు. మౌస్‌ను మూడుసార్లు నొక్కే పాత పద్ధతిలోనైనా, జాయ్‌స్టిక్‌ను వెనక్కి లాగి ముందుకు తోసే కొత్త పద్ధతిలోనైనా చేతి నేర్పు ఎంతున్నా నేలను చదవడం రాకపోతే ఇక్కడ గెలవలేం. పాత మైదానంలోని పదిహేడో గుంత దగ్గర ఒక చిన్న ఇసుకగొయ్యి ఉంది. 1978 బ్రిటిష్ ఓపెన్ పోటీలో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద నుంచి మెల్లగా దొర్లించిన బంతి వాలు పట్టుకుని ఆ గోతిలోకి దిగింది. బయటికి తీయడానికి నాలుగు దెబ్బలు, ఆ గుంతకు మొత్తం తొమ్మిది. ఆ గోతికి ఆయన పేరే నిలిచిపోయింది. నేనూ ఆటలో ఆ వాలు మీద బంతిని పెట్టి చూశాను. గొయ్యి చిన్నదే, దాని చుట్టూ ఉన్న నేలంతా మాత్రం అటే వాలి ఉంటుంది. గోతి నిజమైన వెడల్పు కంటికి కనబడేది కాదు, ఆ వాలు ఎంత దూరం నుంచి మొదలవుతుందో అంత.

ఇలాంటి గోతులు గాలికి ఒదిగి పడుకున్న గొర్రెల వల్ల మొదలయ్యాయని చెబుతారు. కంది కోసిన చేలల్లో గొర్లమంద పెట్టే ఊళ్లవాళ్లకు ఈ మాట నమ్మడం కష్టం కాదు.

తాండూరు నేల ఈ దిబ్బనేలకు పూర్తిగా ఎదురు. ఇక్కడి గొప్ప బండ. ఓగిపూర్, కరణ్‌కోట్, మల్కాపూర్ వైపు భూమిలోంచి తీసే నాపరాయి పలకలు పలకలుగా దానంతటదే విడివడుతుంది, దేశమంతా ఇళ్లలో కాళ్ల కింద పరుచుకుంటారు. ఆ చదును ఎక్కడిదో ఆలోచించాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా గ్రూపు అని పిలిచే ఈ రాళ్ల సముదాయం, జీవులకు ఇంకా గవ్వలూ ఎముకలూ ఏర్పడని కాలంలో, లోతు తక్కువ సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడినది. అంటే సముద్రం ఎన్నడూ చూడలేదనుకునే తాండూరు సముద్రపు అడుగు మీదే కూచుంది. సముద్రం తన అడుగున నేలను ఇలా పలకలా పరుస్తుంది, తన ఒడ్డున దిబ్బలు పోస్తుంది. మనకు మొదటిది దక్కింది. చదును అంటే మంచిదని, ఎగుడుదిగుడు అంటే పనికిరానిదని మా ఊళ్లో పుట్టినవాళ్లకు అనిపించడానికి ఆ బండ కూడా కొంత కారణమేమో. ఎందుకంటే మా దగ్గర దిబ్బ అంటే గని పక్కన పోసిన మట్టి, పనికిరాని బండముక్కల కుప్ప. బండ అమ్ముడుపోయాక మిగిలేది దిబ్బ.

ఇది తాండూరు సంగతే కాదు. తెలుగులో దిబ్బ మొత్తంగా దిగజారింది. చెత్తదిబ్బ, పెంటదిబ్బ, బూడిదదిబ్బ. తిట్టులో దిబ్బ. ఒకప్పుడు ఇలా లేదు. భట్టిప్రోలులో బౌద్ధ ఆనవాళ్లున్న చోట్లలో ఒకదాన్ని ఊరివాళ్లు విక్రమార్కకోట దిబ్బ అనేవాళ్లు. అమరావతి స్తూపం దీపాలదిన్నె. తెలంగాణలో పాత ఊరి ఆనవాళ్లున్న మిట్ట పాటిగడ్డ. పాతకాలం దాచుకున్న చోటుకు దిబ్బే పేరు. తినే మాటల్లో దిబ్బరొట్టె ఒకటి ఇంకా గౌరవంగా బతికుంది.

అదే కాలంలో లింక్స్ పైకి ఎక్కింది. ఢిల్లీలో గోల్ఫ్ లింక్స్ అని ఖరీదైన కాలనీ ఉంది. అక్కడ సముద్రమూ లేదు, ఇసుక మిట్టా లేదు, మాటలోని దర్జా మాత్రమే చేరింది. రెండు మాటలూ ఒకే రకం నేల నుంచి బయలుదేరాయి. ఒకటి ఎందుకు ఎక్కింది, మరొకటి ఎందుకు దిగింది? నాకు తోచిన కారణం ఇది: సెయింట్ ఆండ్రూస్‌లో ఆ నేల ఊరిది అన్న సంగతిని కాగితం మీద పెట్టారు. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన పత్రంలో, ఆ నేల మీద కుందేళ్లు పెంచుకునే హక్కు తనకుంటుందని, గోల్ఫూ బంతాటా ఆడుకునే హక్కు ఊరి జనానికి ఉంటుందని రాసుకున్నారు. 1797లో ఊరు అప్పుల్లో పడి ఆ నేలను అమ్ముకుంది, అది కుందేళ్ల పెంపకందారుల చేతికి పోయింది. ఏళ్ల తరబడి గొడవలయ్యాయి. 1821లో ఒక స్థానిక భూస్వామి కొని ఆటకు నిలబెట్టాడు. దున్నడానికి పనికిరాని నేల వేరేవాటికి పనికొస్తుందని ఒక ఊరు పట్టుపట్టింది. ఆ పట్టుదల వల్ల మాటకు విలువ వచ్చింది.

మనకూ అలాంటి నేలలున్నాయి, వాటికీ పేర్లున్నాయి. కృష్ణా, బాపట్ల తీరాన ఉప్పుపట్టిన మేతనేల పర్ర. తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో పశువుల మేతకు విడిచిన భూమి గైరాన్. మేతకూ కట్టెకూ ఉంచినది కంచ. 2025లో హైదరాబాదులో అంత గొడవ జరిగిన కంచ గచ్చిబౌలి పేరులో ఉన్నది ఈ కంచే. ఈ మాటలన్నీ ఇప్పుడు దస్తావేజుల్లో, కోర్టు వార్తల్లో తప్ప వినబడవు. లింక్స్‌కు తెలుగు వెతికేటప్పుడు పర్ర అందామా అని చాలా రోజులు ఊగాను. ఊరందరి నేల అన్న అర్థం పర్రలో ఉంది. కానీ పర్ర బల్లపరుపు, చిత్తడి. బంతి దొర్లదు. ఆకారమే ఆటకు ప్రాణం కాబట్టి దిబ్బ దగ్గరే నిలిచాను. లింక్స్ అంటే సముద్రపు దిబ్బలు. బహువచనం కూడా సరిగ్గా సరిపోతుంది, లింక్స్ ఒంటరిగా ఉండదు, దిబ్బలూ ఉండవు.

ఒక మాటకు దారి దొరికితే మిగతావి వాటంతటవే వస్తాయి. ఆ మైదానాల్లో అడ్డంగా పారే చిన్న వాగును స్కాట్లాండువాళ్లు బర్న్ అంటారు. తెలుగువాడు వింటే మంట గుర్తొస్తుంది. దానికి శ్రీకాకుళం, విశాఖవాళ్ల మాట ఉండనే ఉంది: గెడ్డ. మేఘాద్రిగెడ్డ, పెద్దగెడ్డ. కొండ మీంచి సముద్రం వైపు పారే పొట్టి వాగుకు అంతకన్న కచ్చితమైన మాట లేదు. తాండూరువాణ్ణి కాబట్టి నాకు వాగు అనే నోట వస్తుంది, మా కాగ్నా వాగు. అయినా ఇక్కడ గెడ్డకే ఓటు. దారి తప్పిన బంతిని మింగే ముళ్లపొదలకు మా వైపు సర్కారు తుమ్మ అంటే చాలు, ఆడేవాడికి వెంటనే ఒళ్లు జలదరిస్తుంది. నేలబారుగా కొట్టి దొర్లించే దెబ్బకు దొర్లుదెబ్బ. దిబ్బ మీద దొర్లుదెబ్బ అంటే పిల్లలకు ఒక్కసారికే నోటికి వస్తుంది.

తెలుగునేల మీద ఈ మాట ఇంకా తలెత్తుకుని ఉన్న చోటు ఒకటుంది: విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు. గాలీ అలలూ వేల ఏళ్లు పోసిన ఇసుక, ఇనుము పట్టి ఎర్రబడి, వాన నీటికి లోతైన చీలికలుగా కోసుకుపోయిన నేల అది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని దేశపు భూవారసత్వ స్థలాల్లో చేర్చింది. అక్కడ దిబ్బ అంటే ఎవరికీ చెత్త గుర్తురాదు, బస్సు కండక్టరుకూ పరిశోధకుడికీ అదే పేరు. 2024లో వాటి పక్కన ఇళ్ల స్థలాల కోసం యంత్రాలు పెట్టి నేలను చదును చేయడం మొదలైనప్పుడు విశాఖలో గట్టిగా అడ్డు చెప్పారు. అడ్డు చెప్పినవాళ్లు దాన్ని ఖాళీ జాగా అనలేదు, బీడు అనలేదు. దిబ్బలు అన్నారు.