నలువదియొకటవ యేట అక్షరాభ్యాసము



మన కృష్ణాతీరమున ఏ గ్రామమునకు పోయినను, కుమారుడో మనుమడో అమెరికాలో కంప్యూటరు పని చేయుచున్నాడని చెప్పు తలిదండ్రులు కనబడుదురు. ఆ పని యెట్టిదని యడిగినచో, "ఏమోనండి, ఏదో వ్రాయుటేనట" అని యూరకుందురు. వ్రాయుట నిజమే. యంత్రమునకు మనుష్యుడు ఆజ్ఞలు వ్రాయును. వ్రాయుటకు భాషలు గలవు, వానికి వ్యాకరణములును గలవు. అయితే అవి మన భాషలవలె వేయేండ్లు పచ్చగా నుండవు. ముప్పది నలువదియేండ్లకే గిరాకి తగ్గును. అట్టి భాషలో నిష్ణాతుడైనవాడు అప్పుడేమి కావలెను? ఈ ప్రశ్న మా యింటికే వచ్చినది. నాకు యంత్రవిద్య రాదు. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పినవాడను. ఐనను ఆ కథలో నాకును కొంత పాలు గలదు గనుక చెప్పబూనితిని.

మా మేనత్త కుమారుడు నాకంటె రెండేండ్లు చిన్న, దివిసీమవాడు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో వారి యిల్లు, పశువులు పోయినవి. ప్రాణములు దక్కించుకొని గుడివాడలోని బంధువుల పంచ చేరిరి. అతడక్కడనే పట్టభద్రుడై, హైదరాబాదునకు పోయి, 1984లో కోబాలు అను కంప్యూటరు భాషను నేర్చుకొనెను.

కోబాలు 1959లో అమెరికా రక్షణశాఖ ప్రాపున కూడిన యొక సంఘము ఏర్పఱచిన భాష. గ్రేసు హాపరు అను విదుషి అంతకుముందు కల్పించిన భాష దానికి ముఖ్యమైన మాతృక. బ్యాంకుల పద్దులకు, జీతముల పట్టీలకు పుట్టినదది. వాక్యములు ఇంగ్లీషును పోలియుండును. తుదిని చుక్క పెట్టవలెను. అందు వ్రాసిన గ్రంథమునకు నాలుగు విభాగములు. మూడవదానిలో పద్దుల వర్ణనము, నాలుగవదానిలో ఆ పద్దులపై చేయవలసిన పనులు. పద్దు వేఱు, పని వేఱు. 1984లో మన రాష్ట్రమున కరణీకము రద్దగువఱకు గ్రామములలో జరిగినదియు నిదియే. దస్త్రము పెట్టెలో నుండును. కరణము తీసి, దిద్ది, మరల పెట్టును. దస్త్రమునకు నోరులేదు. కరణము మంచివాడైన లెక్క మంచిది.

ఆ దినములలో యంత్రమున జ్ఞాపకస్థలము మిక్కిలి ప్రియము. అందుచే సంవత్సరమును కడపటి రెండంకెలతోనే వ్రాసిరి. మనమును "డెబ్బదియేడు ఉప్పెన" అనుచున్నాము గదా. ఏ శతాబ్దమని యెవరును అడుగరు. యంత్రమునకట్టి యూహ లేదు. 2000 రాగానే దానిని 1900 అని తలచి వడ్డీలను వయస్సులను తలక్రిందులు చేయునను భయము లోకమంతటను వ్యాపించెను. కోబాలు చదువగలవారికి ఎక్కడలేని గిరాకి వచ్చెను. విదేశీ నిపుణులకిచ్చు హెచ్-1బి అనుమతులను ఏటికి 65,000 నుండి 1,15,000కు పెంచుచు అమెరికా 1998లో చట్టము చేసెను. ఆ యేడే మా బావమరిది, తండ్రి యెకరమున్నర తాకట్టుపెట్టి తెచ్చిన ధనముతో విమానమెక్కెను.

2000 జనవరి ఒకటవ తేదీ పెద్ద యుపద్రవమేమియు లేకయే గడచెను. గడచుటకు కారణము ముందుగా దిద్దినవారి శ్రమయే. కాని దిద్దుబాటు ముగిసిన పిదప దిద్దువారితో పనిలేదు. పైగా ఇంటర్నెట్టు వ్యాపారములు కూలినవి. 2001లో అతని కొలువు పోయెను. కొలువు పోయినచో అనుమతియు పోవును. భార్యతో, ఇద్దరు పిల్లలతో తిరిగివచ్చెను. అప్పు మాత్రము వచ్చినచోటనే యున్నది. అందఱును అతనిని జావా నేర్చుకొమ్మనిరి.

ఈ జావా వంశము నార్వేలో మొదలైనది. ఆస్లో నగరమున ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అను నిరువురు 1960ల దశకమున సిమ్యులా అను భాషను కల్పించిరి. బారులు తీరిన బండ్లు, వంతుకై వేచిన జనులు, ఇట్టివాని నడకను యంత్రములో అనుకరించి చూచుట దాని ప్రయోజనము. మన బందరు రేవును తలచుకొనుడు. ఓడలు దూరమున లంగరు వేసికొని యుండెడివి, పడవలు సరకు మోసెడివి. ప్రతి యోడకును తన సరకు, తన తొందర, తన నడక. ఇంతటి సందడిని ఒక్క కరణము దస్త్రములో నిముడ్చుట కష్టము. ఏ యోడ లెక్క ఆ యోడకే యప్పగించుట సులువు. 1967 నాటి సిమ్యులాలో ఈ భావము కుదురుకొనెను. అలాన్ కే మున్నగువారు అమెరికాలో స్మాల్‌టాకు నందును, డెన్మార్కువాడైన బ్యార్నె స్ట్రూస్త్రుప్ సి ప్లస్ ప్లస్ నందును దానిని పెంచిరి. జేమ్సు గాస్లింగు ప్రధానుడుగా సన్ మైక్రోసిస్టమ్సు సంస్థలో రూపొందిన జావా 1995లో వెలువడెను.

మా బావమరిది అమీర్‌పేటలో మైత్రీవనము దగ్గఱ నొక శిక్షణశాలలో చేరెను. సహపాఠులు ఇరువదియేండ్లవారు; బోధకుడును అతనికంటె పదునైదేండ్లు చిన్న. రెండు నెలలలో సూత్రములన్నియు కంఠస్థములైనవి. వ్రాసినది యంత్రము తప్పుపట్టక నడపెను. బోధకుడు మాత్రము చూచి నవ్వి, "ఇది జావా వేసము కట్టిన కోబాలండి" అనెనట. ఆ మాటతో నిద్రపట్టక, దసరాకు బందరు వచ్చి మా యరుగుపై కూర్చుండి, "బావా, నాకు తెలిసినదే నాకడ్డము వచ్చుచున్నది" అనెను.

ఈ రోగము నేనెఱుగుదును. సంస్కృతమున ద్వివచనము కలదు, తెలుగున లేదు. నాకు మొదట సంస్కృతమును పట్టించి పిదప తెలుగు వ్యాకరణము చెప్పిరి. పుట్టుకతో తెలుగు మాటలాడువాడనయ్యును, లేని ద్వివచనమునకై కొన్నాళ్లు వెదకితిని! ఆ మాట చెప్పగా అతడు నవ్వెను. వచ్చిన తరువాత నవ్వుట అదియే మొదలు.

మఱునాడు దుప్పట్ల కొఱకు ఇరువురమును పెడన పోతిమి. కలంకారీ యద్దకమును మీరు చూచియుందురు. టేకు కొయ్యపై చెక్కిన యచ్చు ఒకటి గీతకు, ఒక్కొక్క రంగునకు వేఱొకటి. పనివాడు అచ్చును రంగులో తాకించి గుడ్డపై నొత్తుచు పోవుచుండెను. అచ్చు ఒక్కటి, పువ్వులనేకములు. ప్రతి పువ్వునకు తన తావు వేఱు, రంగు నిండుదనము వేఱు. అతడు చాలసేపు చూచి, "బావా, వారు క్లాసనునది ఈ యచ్చు, ఆబ్జెక్టనునది ఆ పువ్వు" అనెను. మా తర్కమున జాతియు వ్యక్తియు గలవంటిని. "అంతేకాదు, ఈ పువ్వులకు నోరు కూడ ఉన్నది" అనెను. నాకు బోధపడలేదు. విప్పి చెప్పుమంటిని. నాకు చెప్పుటలోనే అతనికి తెల్లమైనదని నా నమ్మకము.

గ్రామ పరపతి సంఘమును తలపుడు. పూర్వపద్ధతిలో గుమాస్తా ఎవరి ఖాతానైనను తెఱచి అంకె మార్చును. క్రొత్త పద్ధతిలో ప్రతి ఖాతాయు తన కాపరి గల పెట్టె. పెట్టెలో చేయి పెట్టరాదు. "అయ్యా, నూరు రూపాయలిమ్ము" అని కాపరిని అడుగవలెను. నిలువ చాలనిచో కాపరియే లేదనును. పద్దును, పద్దుపై చేయదగిన పనియు ఒక్క పెట్టెలో నుండును. మా బావమరిది పదునేడేండ్లు గుమాస్తాగా తీరినవాడు. జావాలో గూడ ఒక మహాగుమాస్తాను సృష్టించి, కాపరులందఱి తాళపుచెవులు వానికిచ్చినాడు. దోషమక్కడ నున్నది.

గడువుడిపాజిట్టును గూర్చియు చెప్పెను. అదియు ఖాతాయే, కాని గడువుకు ముందు సొమ్మడిగినచో నియమము వేఱు. మిగిలిన నియమములు పెద్దఖాతానుండి వారసత్వముగా వచ్చును. ఇది వ్యాకరణములోని యుత్సర్గాపవాదములే యని నేను పొంగిపోతిని. సామాన్యవిధి యంతటను వర్తించును, విశేషవిధి యున్నచోట తొలగును. నా పొంగు అతనికి చేటు తెచ్చెను. తరువాతి మాసములలో ప్రతిదానికి వంశవృక్షము కట్టెను. ఖాతాకు డిపాజిట్టు, దానికి రైతు డిపాజిట్టు, దానికి మహిళారైతు డిపాజిట్టు పిల్లలైనవి. పైన చిన్న మార్పు చేయగా క్రిందివన్నియు కదలినవి. వారసత్వమునకంటె చిన్న భాగములను కూర్చుకొనుట మేలని నలుగురు పండితులు 1994లోనే ఒక గ్రంథమున హెచ్చరించిరట. అతడు ఆ వృక్షమును నఱకి మరల వ్రాసెను. ఆ పొరపాటులో నా పాలును గలదు.

ఇచ్చట ఒక మాట. కంప్యూటరునకు సంస్కృతమే శ్రేష్ఠమని శాస్త్రజ్ఞులు తేల్చిరని ఊళ్లలో చెప్పుకొందురు. అట్లెవ్వరును తేల్చలేదు. 1985లో రిక్ బ్రిగ్స్ అను నతడు వ్రాసిన యొక వ్యాసము పెరిగి పెరిగి ఆ వదంతియైనది. కంప్యూటరు భాషల వ్యాకరణమును వ్రాయుటకు బాకస్ పేర నొక పద్ధతి గలదు. దానికి పాణిని పేరును చేర్పవలెనని ఇంగర్మన్ అను నతడు 1967లో సూచించినమాట నిజము. పాణినికి ఆ గౌరవము చాలును, లేనిది మనము కల్పింప నక్కఱలేదు.

2002లో మా బావమరిదికి హైదరాబాదున జావా కొలువు దొరకెను. మూడేండ్లకు ఎకరమున్నర విడిపించెను. పిమ్మట మరల అమెరికా చేరెను. 2020 ఏప్రిలులో, కరోనా వ్యాధివలన పనులు పోయినవారి భృతి లెక్కలు కోబాలు యంత్రములపై పేరుకొనగా, న్యూజెర్సీ గవర్నరు కోబాలు తెలిసినవారు కావలెనని బహిరంగముగ నడిగెను. ఆ వారమే ఫోను చేసి, "బావా, నా పాత భాషను పిలుచుచున్నారు" అనెను. అప్పటికి అతనికి అఱువదియేండ్లు. ఉత్సాహమున ఆ రాత్రియే ఒక చిన్న గ్రంథము వ్రాసి చూచెనట. యంత్రము త్రోసివేసెను. పండ్రెండవ గడినుండి మొదలిడవలసిన వాక్యమును మొదటి గడినుండియే వ్రాసినాడు, తుదిని చుక్కయు మఱచినాడు. పాత పుస్తకము బందరులో మా యటుకమీద నున్నది, దుమ్ము దులిపి పంపుమనెను.